పిలకలు లెక్కపెట్టు, అమ్మడూ

అమ్మడూ, నువ్వు పంపిన ఫొటో చూశాను. ఆస్ట్రేలియాలో మీ అడిలైడ్ నుంచి గాలర్ మీదుగా కారులో పోతుంటే కనబడిందన్నావు కదా, ఆ గోధుమ చేను. చుట్టూ మోకాటి ఎత్తున గుబురుగా ఉంది. మధ్యలో ఒక్క సాలు మాత్రం ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా బక్కచిక్కి, జానెడు ఎత్తులోనే ఆగిపోయింది. "ఎవరైనా తొక్కేశారా తాతయ్యా?" అని అడిగావు. తొక్కితే అంత తిన్నగా తొక్కలేరమ్మా. తెగులైతే మచ్చలు మచ్చలుగా పడుతుంది గానీ సాలు చూసుకుని రాదు. చేలో తిన్నటి గీత కనబడిందంటే అది మనిషి పనో, యంత్రం పనో అయి ఉండాలి.

మీ వైపు విత్తే యంత్రాల్లో చాలావాటికి విత్తనం దిగే గొట్టం వేరు, ఎరువు దిగే గొట్టం వేరు. ఎరువు గొట్టంలో ఒక గడ్డ అడ్డం పడిందనుకో, ఆ సాలులో విత్తనం పడుతుంది, ఎరువు పడదు. ట్రాక్టర్ మీద కూర్చున్నాయనకు ఆ సంగతి తెలియదు. మన కర్నూలు వైపు గొర్రుకు జడ్డిగం కట్టి జొన్న విత్తే రోజుల్లో గొట్టంలో మట్టి ఇరుక్కుంటే ఆ సాలు మొలకే లేక బోసిగా ఉండేది, వారంలో తెలిసిపోయేది. ఎరువు పడకపోతే అలా కాదు. మొలకలు అన్ని సాళ్లలోనూ ఒకేలా వస్తాయి. తేడా తెలిసేది తర్వాత. ఫొటో చూసి ఒట్టేసి చెప్పలేను, మొక్క పీకి చూడాలి. కానీ ఆ ప్రాంతపు నేల గురించి నాకు తెలిసినంత మేరకు, మొదటి అనుమానం భాస్వరం మీదే.

భాస్వరం అంటే నీకు బాగా తెలిసిన చోటు అగ్గిపెట్టె పక్కనుండే గీసే పట్టీ. దాన్ని మొదట పట్టుకున్నాయన 1669లో జర్మనీలోని హాంబర్గులో ఉండే హెన్నిగ్ బ్రాండ్. బంగారం తయారుచేద్దామని బోలెడంత మూత్రం పోగేసి, మరగబెట్టి, మరగబెట్టి, చివరికి చీకట్లో వెలిగే ఒక పదార్థం తీశాడు. తమ్ముడికి ఈ ముక్క చెప్పు, రెండు రోజులు నవ్వుతాడు. నవ్వు అయిపోయాక ఇంకో ముక్క కూడా చెప్పు. మూత్రంలోకి భాస్వరం వచ్చింది తిండి నుంచి, తిండిలోకి వచ్చింది నేల నుంచి. ఈ కథంతా ఆ దారి గురించే.

మొక్కలో భాస్వరం విడిగా ఎప్పుడూ ఉండదు, ఆక్సిజన్‌తో కలిసి ఫాస్ఫేటుగానే ఉంటుంది. ప్రతి కణంలో శక్తిని మోసే ఏటీపీలో అది ఉంది. డీఎన్ఏకు వెన్నెముక అదే. కణం చుట్టూ ఉండే పొరలోనూ ఉంది. కొత్త కణం పుట్టాలంటే ఈ మూడూ కొత్తగా కావాలి. అంటే మొక్క ఎంత వేగంగా పెరగాలనుకుంటే అంత భాస్వరం అప్పటికప్పుడు చేతిలో ఉండాలి. పెరుగుదల అన్నిటికంటే జోరుగా సాగేది ఎప్పుడు? లేత వయసులో. మొక్క ఇబ్బందంతా ఇక్కడే మొదలవుతుంది.

గోధుమ గింజ బరువు సుమారు 40 మిల్లీగ్రాములు. అందులో భాస్వరం 0.14 మిల్లీగ్రాము ఉంటుందేమో. తల్లి మొక్క కట్టిచ్చిన ఆ కాస్త సద్దితో మొలక రెండు వారాల దాకా నెట్టుకొస్తుంది. ఆ రెండు వారాలూ ఎరువు పడిన సాలూ, పడని సాలూ ఒకే తీరుగా కనబడతాయి. సద్ది అయిపోయాక నేలను అడగాలి.

నేలను అడగడంలో ఒక తిరకాసు ఉంది. నత్రజని నీళ్లలో కరిగి, నీళ్లతో పాటే వేరు దగ్గరికి నడిచొస్తుంది. బంతి భోజనంలో మనం కదలక్కర్లేదు కదా, వడ్డించేవాళ్లే విస్తరి దగ్గరికి వస్తారు. భాస్వరం అలా కాదు, బఫే భోజనం. బల్ల ఎక్కడుందో అక్కడికి మనమే లేచి పోవాలి. ఫాస్ఫేటు మట్టి రేణువుల్ని అంటిపెట్టుకుని ఉంటుంది. వేరు వైపు అది జరిగేది రోజుకు మిల్లీమీటరు కూడా కాదు. వేరు తన చుట్టూ మిల్లీమీటరో రెండో ఉన్నదంతా లాగేసుకున్నాక అక్కడ ఖాళీ. ఇక కొత్త మట్టిలోకి వేరు పాకితేనే తిండి. అందుకే భాస్వరం తక్కువైన మొక్క చేసే మొట్టమొదటి పని, ఆకుల మీద ఖర్చు తగ్గించి వేరు మీద పెట్టడం. వేరు చుట్టూ సన్నటి నూగు పెంచుతుంది, దాన్ని ఇంకా పొడుగ్గా సాగదీస్తుంది. వేళ్లలో కాపురముండే కొన్ని శిలీంధ్రాలు కూడా తమ దారాల్ని దూరం దాకా పంపి ఫాస్ఫేటు తెచ్చిపెడతాయి, బదులుగా మొక్క దగ్గర చక్కెర తీసుకుంటాయి. నేల చల్లగా ఉన్నా, ఎండినా ఈ పనులన్నీ నెమ్మదిస్తాయి. గోధుమ మొలిచేది మీ దగ్గరా, ఇక్కడ పంజాబులోనూ చలికాలం ముంగిట్లోనే.

ఇప్పుడు పిలకల దగ్గరికి వద్దాం. వరి దుబ్బు ఎప్పుడైనా విప్పి చూశావా? పోయిన సెలవుల్లో చూపిస్తానన్నాను, వానొచ్చింది. గోధుమ కూడా ఆ బాపతే. ఒక గింజ నుంచి ఒక కాండం వస్తుంది. ఆ కాండానికి వచ్చే ఒక్కో ఆకు మొదట్లో ఒక్కో మొగ్గ దాక్కుని ఉంటుంది. నాలుగో ఆకు బయటికొచ్చే వేళకు మొదటి ఆకు చంకలోంచి మొదటి పిలక తల బయటపెట్టాలి. ఐదో ఆకు వచ్చేటప్పుడు రెండో పిలక. దానికో వరుస ఉంది, సమయం ఉంది. సరిగ్గా ఆ సమయంలో భాస్వరం చాలకపోతే ఆకులు రావడమే ఆలస్యమవుతుంది, పిలక రావలసిన వంతు వచ్చినప్పుడు మొగ్గ కదలదు. ఆ వంతు దాటిందంటే దాటిపోయినట్టే. నెల తర్వాత రైతు కంగారుపడి బస్తాలు తెచ్చి పోసినా ఆ పిలక తిరిగి రాదు. నేను వ్యవసాయ శాఖలో పనిచేసిన రోజుల్లో రైతులకు నచ్చజెప్పడానికి అన్నిటికంటే కష్టమైన విషయం ఇదే. జబ్బు కనబడ్డాక మందు వేయడం మనుషులకు అలవాటు. ఈ జబ్బు కనబడేసరికి నష్టం సగం ఖాయమైపోయి ఉంటుంది.

పైగా ఇది కళ్లను మోసం చేసే జబ్బు. నత్రజని తక్కువైతే చేను పసుపు రంగుకు తిరిగి దూరం నుంచే తెలిసిపోతుంది. భాస్వరం తక్కువైన గోధుమ పసుపు కాదు, ముదురు పచ్చ. ఎందుకంటే ఆకు సాగడం ఆగినంతగా పత్రహరితం తయారీ ఆగదు. చిన్న ఆకులో అంతా చిక్కగా చేరుతుంది. మన రైతు కంటికి ముదురు పచ్చ అంటే ఆరోగ్యం. 'ఎదుగుదల లేదు గానీ రంగు బాగుంది, వాన పడితే పుంజుకుంటుంది' అనుకుంటాడు. పుస్తకాల్లో ఊదా రంగు ఆకుల బొమ్మ వేస్తారు చూడు, అది మొక్కజొన్నలో బాగా కనబడుతుంది. గోధుమలో కాండం మొదట్లో కాస్త ఊదా రావచ్చు, రాకపోనూ వచ్చు. చలికి కూడా ఆ రంగు వస్తుంది. రంగును నమ్ముకుంటే దెబ్బతింటాం. ముదురాకుల కొసలు ఎండటం దానికంటే నమ్మదగిన గుర్తు. లేత ఆకుకు భాస్వరం అందించడానికి మొక్క ముసలి ఆకులోంచి లాగేసి పైకి పంపుతుంది, కాబట్టి కింది ఆకులు ముందు పోతాయి. వీటన్నిటికంటే నమ్మకమైనది పిలకల లెక్క. బాగున్న సాలులో ఒక మొక్కకు ఎన్ని, బక్క సాలులో ఎన్ని. అందుకు వేలు చాలు, భూతద్దం అక్కర్లేదు.

ఇక దిగుబడి. లెక్కల పరీక్ష దగ్గరికొచ్చిందన్నావు, చేద్దాం పట్టు. గోధుమ దిగుబడి అంటే మూడు అంకెల గుణకారం. చదరపు మీటరుకు ఎన్ని వెన్నులు, వెన్నుకు ఎన్ని గింజలు, గింజ బరువెంత. ఊరికే లెక్క కోసం 300 వెన్నులు, వెన్నుకు 30 గింజలు, గింజ 40 మిల్లీగ్రాములు అనుకో. 360 గ్రాములు వచ్చింది. హెక్టారుకు 3.6 టన్నులు. ఇప్పుడు పిలకలు రాక వెన్నులు 180కి పడిపోయాయనుకో. మిగతా రెండంకెలు కదలకపోయినా పంట 2.2 టన్నుల దగ్గర ఆగిపోతుంది. నిజంగా పొలంలో జరిగేది కూడా ఇలాంటిదే. భాస్వరం కరువు అన్నిటికంటే ఎక్కువగా కోసేది మొదటి అంకెను. గింజ బరువును చాలా తక్కువగా తాకుతుంది. అందుకే కోతల వేళ రైతు గుప్పెడు గింజలు చేతిలో పోసుకుని చూస్తే బాగానే ఉంటాయి, తాలు కనబడదు. పోయిన పంట ఎక్కడుందంటే, మూడు నాలుగు నెలల కిందట పుట్టకుండా పోయిన పిలకల్లో ఉంది. దాన్ని ఏ తూకంలో వేసి చూస్తాడు?

ఇంకో నష్టం కూడా ఉంది. భాస్వరం చాలని గోధుమ వెన్ను తీయడం ఆలస్యం చేస్తుంది. మీ దగ్గర అక్టోబరులో, ఉత్తర భారతంలో మార్చిలో వేడి గాలి మొదలవుతుంది. వెనకబడిన చేను గింజ పాలుపోసుకునే సమయానికి సరిగ్గా ఆ వేడికి చిక్కుతుంది. ఆ ఏడు మాత్రం గింజ కూడా నొక్కుకుపోతుంది.

'మరి నేలలో భాస్వరమే లేదా?' అని అడుగుతావు. ఉంది. అదే విచిత్రం. ఒక మాదిరి నేలను తీసుకుంటే హెక్టారు పొలంలో పై జానెడు మట్టిలో భాస్వరం మొత్తం వెయ్యి కిలోల దాకా ఉండొచ్చు. ఒక టన్ను గోధుమ గింజలు పట్టుకుపోయేది మూడు, మూడున్నర కిలోలు. ఐదు టన్నుల పంట పండినా 17 కిలోల చిల్లర. వెయ్యిలో పదిహేడు ఎంత? కానీ ఆ వెయ్యీ మొక్కకు అందేది కాదు. పుల్ల నేలల్లో ఇనుమూ అల్యూమినియమూ పట్టుకుని ఉంటాయి, సున్నపు నేలల్లో కాల్షియం పట్టుకుంటుంది. కొంత సేంద్రియ పదార్థంలో ఇరుక్కుని ఉంటుంది. ఏ ఒక్క క్షణంలో అయినా నీళ్లలో కరిగి వేరుకు అందేలా ఉన్నది ఆ హెక్టారంతటికీ అరకిలో కూడా ఉండదు. వేరు తాగుతూ ఉంటే మట్టి కొంచెం కొంచెం వదులుతూ ఉండాలి. ఎంత జోరుగా వదలగలదన్నదే ప్రశ్న.

మన వరికి ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. మడిలో నీళ్లు నిలబెడతాం కదా, గాలి ఆడక అక్కడ ఇనుము రూపం మారుతుంది, అది పట్టుకున్న ఫాస్ఫేటులో కొంత వదిలేస్తుంది. అదే పొలం ఆరబెట్టి గోధుమ వేస్తే ఆ ఇనుము మళ్లీ బిగబట్టుకుంటుంది. పంజాబులో ఒకే పొలంలో వానాకాలం వరి, చలికాలం గోధుమ వేస్తారు. లూధియానాలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం అక్కడి రైతులకు చెప్పేదేమిటంటే, గోధుమకు ఎకరానికి 55 కిలోల డీఏపీ అనే భాస్వరం ఎరువు గానీ 155 కిలోల సూపర్ ఫాస్ఫేటు గానీ విత్తేటప్పుడే వేయండి, అలా వేసి ఉంటే తర్వాత వచ్చే వరికి మళ్లీ భాస్వరం అక్కర్లేదు అని. ఎంత పొదుపైన సలహా! అయినా రెండు పంటలకూ డీఏపీ గుమ్మరించేవాళ్లున్నారు. అతిగా వేస్తే మొక్కకు జింకు అందడం తగ్గుతుందని చెప్పినా వినరు. బస్తా ఎక్కువ వేస్తే మనసుకు ధైర్యం.

మీ నేల సంగతి వేరే. ఆస్ట్రేలియా చాలా పాత గడ్డ. మంచుపలకలు రాళ్లను కొత్తగా రుబ్బి పోసిందీ లేదు, అగ్నిపర్వతాలు కొత్త బూడిద చల్లిందీ చాలా తక్కువ. కోట్ల ఏళ్ల వానలకు భాస్వరం కొట్టుకుపోగా మిగిలిన మట్టి అది. మీ ఇంటి వెనక పార్కులో బ్యాంక్సియా చెట్టుందన్నావే, అది ఈ పేదరికానికి ఎంత అలవాటు పడిందంటే, ఒత్తుగా కుచ్చు వేళ్లు వేసి, వాటి నుంచి ఆమ్లాలు వదిలి, మట్టి పట్టుకున్న ఫాస్ఫేటును ఊడదీసుకుంటుంది. దానికి ప్రేమకొద్దీ మామూలు ఎరువు వేస్తే భాస్వరం ఎక్కువై చచ్చినా చస్తుంది. మీ అమ్మకు చెప్పు, పూలమొక్కలకు పోసే ఎరువు దాని మొదట్లో పోయొద్దని.

అలాంటి గడ్డ మీదికి 1836లో ఇంగ్లీషువాళ్లు వచ్చి సౌత్ ఆస్ట్రేలియా కాలనీ పెట్టి గోధుమ వేశారు. మొదటి పంటలు బాగానే వచ్చాయి. 1843లో జాన్ రిడ్లీ వెన్నుల్ని దువ్వి కోసే యంత్రం తెచ్చాక, కూలీలు దొరక్కపోయినా ఎకరాలకు ఎకరాలు సాగయ్యాయి. గింజంతా తెరచాప ఓడల్లో ఇంగ్లండుకు పోయేది. రెండు వేల టన్నుల గోధుమ నింపుకున్న ఓడ ఒకటి రేవు దాటిందంటే దాని కడుపులో ఏడు టన్నుల భాస్వరం కూడా దాటినట్టే. అక్కడ తిన్నది మురుగుకాలువల్లో కలిసి సముద్రం పాలయ్యేది. ఇక్కడికి తిరిగొచ్చేదేమీ లేదు. 1860 నుంచి 1900 మధ్య ఆస్ట్రేలియాలో సగటు గోధుమ దిగుబడి హెక్టారుకు దాదాపు 0.9 టన్ను నుంచి అర టన్ను దగ్గరికి దిగజారింది. నేరమంతా భాస్వరానిదే అనను. వాన తక్కువ పడే ఎడారి అంచుల దాకా సాగు పాకడం, కరువులు, ఇవీ ఉన్నాయి. కానీ వాన బాగా పడిన ఏడు కూడా పంట పాత ఎత్తు అందుకోలేదంటే నేలలో ఏదో తరిగిపోయినట్టే కదా.

ఏం తరిగిందో తేల్చే పని గాలర్ పక్కనే జరిగింది, రోజ్‌వర్తీలో. 1883లో అక్కడ వ్యవసాయ కళాశాల పెట్టారు, దేశంలో మొదటిది. అక్కడి ఆచార్యుడు కస్టాన్స్, ఆయన తర్వాత స్కాట్లండ్ నుంచి వచ్చిన విలియం లౌరీ సూపర్ ఫాస్ఫేటు వేసి గోధుమ పండించి చూశారు. సూపర్ ఫాస్ఫేటు అప్పటికి కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో జాన్ బెన్నెట్ లాస్ ఎముకల పొడి లాంటి ఫాస్ఫేటు పదార్థాలకు గంధకామ్లం కలిపి, నీళ్లలో కరిగే ఎరువు చేసే పద్ధతికి 1842లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది తన రోథమ్‌స్టెడ్ ఎస్టేటులో బ్రాడ్‌బాక్ అనే పొలంలో గోధుమ మీద ఎరువుల ప్రయోగం మొదలుపెట్టాడు. అది ఈ రోజుకీ నడుస్తూనే ఉంది. రోజ్‌వర్తీ వాళ్ల గొప్పతనం ఎరువు కనిపెట్టడంలో కాదు, ఎంత కొంచెం సరిపోతుందో చూపించడంలో ఉంది. చేనంతా వెదజల్లితే ఫాస్ఫేటును మట్టి కట్టేసుకుంటుంది. అదే ఎరువును విత్తనంతో పాటు ఒకే సాలులో జారవిడిస్తే మొలక వేసే మొదటి వేళ్ల దగ్గరే ఉంటుంది. ఎకరానికి యాభై కిలోలో, అంతకన్నా తక్కువో. అందులో అసలు భాస్వరం నాలుగైదు కిలోలు. దాంతోనే పిలకలు నిలబడ్డాయి. 1890ల్లో యార్క్ ద్వీపకల్పం రైతులు విత్తనమూ ఎరువూ కలిపి వేసే యంత్రాలు తెప్పించుకున్నారు. 1900 దాటాక సూపర్ ఫాస్ఫేటూ, పొలాన్ని ఒక ఏడు బీడు ఉంచి తేమ దాచుకునే పద్ధతీ, విలియం ఫారర్ ఇచ్చిన ఫెడరేషన్ రకమూ కలిసి దిగుబడిని మళ్లీ పైకి లేపాయి.

ఇంత సూపర్‌కు రాయి ఎక్కడిది? ఇది నాకు నచ్చని భాగం, అయినా చెప్పకుండా దాటేస్తే తప్పు. 1899లో సిడ్నీలో పసిఫిక్ ఐలాండ్స్ కంపెనీ ఆఫీసులో తలుపు మూసుకోకుండా ఒక రాయి అడ్డం పెట్టి ఉండేది. పసిఫిక్ మహాసముద్రంలోని నౌరూ దీవి నుంచి ఎవరో తెచ్చిన రాయి, చెట్టు కొయ్య రాయిగా మారిందనుకున్నారు. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగికి అనుమానమొచ్చి పరీక్ష చేశాడు. మేలురకం ఫాస్ఫేటు. మరుసటి ఏడాది ఆయన ఆ పక్కనున్న బనాబా దీవిలో దిగి, ఏడాదికి 50 పౌన్ల చొప్పున 999 ఏళ్ల పాటు ఫాస్ఫేటు తవ్వుకునేలా అక్కడి ఒకాయన దగ్గర కాగితం రాయించుకున్నాడు. ఏళ్ల తరబడి తవ్వి తవ్వి, చివరికి 1945లో బనాబా జనాన్ని ఫిజీలోని రాబీ దీవికి తరలించారు. నౌరూ విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు, మన పాత మండలంలో పదో వంతు కూడా ఉండదు. దాని నడిమి భాగమంతా తవ్వేసి, మనిషి నడవడానికి వీల్లేని సున్నపురాతి మొనలు మిగిల్చారు. 1968లో ఆ దేశం స్వతంత్రమయింది. 1989లో ఆస్ట్రేలియా మీద హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎక్కింది. 1993లో రాజీ కుదిరి ఆస్ట్రేలియా పరిహారం ఇచ్చింది. సౌత్ ఆస్ట్రేలియా గోధుమ పిలకల్లో ఆ దీవి మట్టి కూడా ఉందమ్మా. మనమేదో చేతులు కడుక్కున్నామని కాదు. మనకు ఉదయపూర్ దగ్గర జామర్‌కోట్రాలో గని ఉన్నా, ఫాస్ఫేటు రాయి చాలా మటుకు మొరాకో, జోర్డాన్ లాంటి దేశాల నుంచి ఓడల్లోనే వస్తుంది. విశాఖపట్నంలో 1967 నుంచి నడుస్తున్న ఎరువుల ఫ్యాక్టరీ రేవు పక్కనే ఎందుకుందో ఇప్పుడు నీకే తెలుస్తుంది.

రాయి వచ్చింది, ఎరువయింది, విత్తనం పక్కన పడింది. అయినా కొన్ని చోట్ల గోధుమ ఎదగలేదు. మీకు పడమర దిక్కున ఎయిర్ ద్వీపకల్పం ఉంది. అక్కడి బూడిదరంగు నేలల్లో సున్నం పాలు చాలా ఎక్కువ. మన కర్నూలు రేగళ్లలో సుద్ద గుళ్లు కనబడతాయే, వాటిని పొడి చేసి మట్టంతా కలిపితే ఎలా ఉంటుందో ఊహించుకో. ఏళ్ల తరబడి ఎరువు గుళికలు వేస్తూనే ఉన్నారు, పరీక్షిస్తే మట్టిలో భాస్వరం మొత్తం బాగానే ఉంది, మొక్క మాత్రం ఆకలితోనే ఉంది. 1990ల చివర్లో మిన్నిపా పరిశోధన కేంద్రంలో బాబ్ హాలోవే, ఆయనతో పనిచేసినవాళ్లు అంతే భాస్వరాన్ని గుళికగా కాకుండా ద్రవంగా విత్తనం కింద పోసి చూశారు. పంట ఎక్కువ వచ్చింది. ఎందుకని తర్వాత వెతికితే కారణం భలేగా ఉంది. ఎండు గుళిక మట్టిలో పడగానే చుట్టూ ఉన్న తేమను తన వైపు లాక్కుంటుంది. నీళ్లు లోపలికి పోతుంటే ఫాస్ఫేటు బయటికి రావాలి, అంటే ఏటికి ఎదురీదాలి. దూరం పోలేక గుళిక చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్లలోనే చిక్కగా పోగుపడి, కాల్షియంతో కలిసి గడ్డకడుతుంది. ద్రవమైతే మొదటినుంచీ పలచగా పరుచుకుని ఎక్కువ మట్టిని తడుపుతుంది, వేరుకు ఎదురయ్యే అవకాశం పెరుగుతుంది. బస్తా మీద రాసిన శాతం చూసి కొనేవాళ్లకు ఈ నాలుగు మిల్లీమీటర్ల సంగతి ఎవరు చెబుతారు?

'ఎంత వేయాలో తెలిసేదెలా?' మట్టి పరీక్ష. సున్నపు నేలలకు బేకింగ్ సోడా ద్రావణంతో మట్టిని కలియబెట్టి ఎంత ఫాస్ఫేటు బయటికొస్తుందో కొలుస్తారు. 1954లో ఓల్సెన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు చెప్పిన పద్ధతి. మన దేశంలో ఆ అంకె హెక్టారుకు 10 కిలోల లోపు ఉంటే తక్కువ అంటారు, 25 దాటితే ఎక్కువ. ఎక్కువ అని వచ్చిన పొలంలో ఎరువు తగ్గించుకోవచ్చు. ఎందుకంటే ఈ ఏడు వేసిన భాస్వరంలో ఈ పంట తీసుకునేది నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. మిగిలింది నాలుగైదేళ్లలో నీళ్లలో అంతగా కొట్టుకుపోదు, ఆవిరై పోదు, మట్టిలోనే ఉండి మెల్లగా ముందు పంటలకు అందుతుంది. నలభై ఏళ్లుగా డీఏపీ తిన్న మన పొలాల్లో కొన్నిటికి కొన్నేళ్లు సగం వేసినా నష్టం లేదు. పరీక్ష చేయించుకున్నవాళ్ల సంగతే ఇది. ఊహతో సగం చేసేసి నా పేరు చెప్పొద్దు.

చివరికి చపాతీ దగ్గరికి వచ్చాం. మొక్క సంపాదించిన భాస్వరంలో ముప్పాతిక వంతు గింజలోకే పోతుంది. గింజలో అది ఎక్కువగా ఫైటేటు అనే రూపంలో, పైపొట్టు కిందుండే సన్నటి పొరలో నిలవ ఉంటుంది. అందుకే మైదాలో అది చాలా మటుకు పోతుంది, తవుడుతో పాటు దాణాకు చేరుతుంది. ఫైటేటు ఇనుమునూ జింకునూ కూడా పట్టుకుంటుంది కాబట్టి మన పేగుకు అదంత ఇష్టమైనది కాదు. పిండి పులియబెడితే బాగా తగ్గుతుంది. ఆవుకు ఇబ్బంది లేదు, దాని పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఫైటేటును విడగొట్టేస్తాయి. కోడికి ఆ వసతి లేదు. తిన్న ఫైటేటులో చాలా భాగం అలాగే బయటికి వదిలేస్తుంది. అందుకే ఇప్పుడు కోళ్ల దాణాలో దాన్ని విడగొట్టే ఎంజైము కలుపుతున్నారు. అయినా కోళ్ల ఎరువులో భాస్వరం పశువుల ఎరువులో కంటే ఎక్కువే. మన తూర్పుగోదావరి కోళ్లఫారాల దగ్గర లారీ లెక్కన అమ్ముతారు. పచ్చిది కాదు, మాగబెట్టింది కొనమని మీ మామయ్యకు నిన్ననే చెప్పాను. డీఏపీ ఎన్ని బస్తాలు తగ్గించుకోవచ్చో మట్టి పరీక్ష కాగితం వచ్చాక చూద్దామన్నాడు.